తెలిసి తెచ్చుకునే జ్వరం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హనుమకొండలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా గారి కేసులో పెన్షను భిక్ష కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయం మీద మన అధ్యక్షుల వారు ఇప్పటికే మాట్లాడారు కాబట్టి నేను దాని జోలికి పోను. కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. షుగరు, బీపీల గురించి నాలుగు జాగ్రత్తలు చెబుతాననుకున్నట్టున్నారు. మనలో సగం మందికి ఆ రెండింటి గురించి డాక్టర్ల కంటే ఎక్కువ తెలుసు. తెలిసి పాటించని సంగతి వేరు. అందుకని వేరే విషయం ఎత్తుకున్నాను. కొంచెం ఓపిక పట్టి వినవలసిందిగా మనవి.

విషయం ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కావాలనే రోగం అంటించి, టీకా పనిచేస్తుందో లేదో చూడడం. వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ప్రపంచంలో ఇది జరుగుతున్నది. మన దేశంలో కూడా దీనిని ఏ నియమాల మీద అనుమతించాలన్న దానిపై భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., 2023లో ఒక ముసాయిదా విడుదల చేసి ప్రజల అభిప్రాయాలు కోరింది. మా మనవరాలు ఫార్మసీ చదువుతున్నది. ఆ ముసాయిదా తెచ్చి నా ముందు పెట్టి, "తాతా, మన దగ్గర ఇట్లాంటిది పెడితే నువ్వు మంచిదంటవా, చెడ్డదంటవా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చెప్పడమే ఈ ప్రసంగం.

నేను డాక్టరును కాను. 1974లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, 2007లో అదే మైక్రోస్కోపు ముందు నుంచి లేచి రిటైరయిన వాణ్ణి. 33 ఏళ్ళు మలేరియా స్లైడ్లు, కఫం స్లైడ్లు, విడాల్ పరీక్షలు. ఇక్కడ కూర్చున్న వారిలో కనీసం పదిమంది వేలు నేను గుచ్చి ఉంటాను. అప్పుడు తిట్టుకున్నవారు ఇప్పుడు క్షమించాలి.

ముందు టైఫాయిడ్ గురించి చెబుతాను. మా చెల్లెలు 1961లో ఆ జ్వరంతోనే పోయింది. నాకు 12 ఏళ్ళు, దానికి తొమ్మిది. మాది నర్సంపేట వైపు పల్లె. అప్పుడు టైఫాయిడ్ అనేవారు కాదు, సన్నిపాతం అనేవారు, ఇరవై ఒక్క రోజుల జ్వరం అనేవారు. లంకణాలే వైద్యం. ఆకలి ఆకలి అని ఏడ్చినా గంజి నీళ్ళు తప్ప ఇవ్వలేదు. పేగు తెగుతుందని పెద్దవాళ్ళ భయం. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు, ఆ జ్వరంలో పేగుకు పుండు పడి చిల్లు పడే మాట వాస్తవమే. కానీ ఆకలితో మాడిస్తే పుండు మానదు. పందొమ్మిదో రోజు విరేచనంలో నెత్తురు పడింది. మా నాయన బండి కట్టించి వరంగల్లుకు తీసుకువచ్చేసరికి అయిపోయింది. దాన్ని బతికించగలిగిన మందు, క్లోరాంఫెనికాల్, 1948లోనే టైఫాయిడ్ మీద పనిచేస్తుందని మలయాలో తేలింది. వరంగల్లు మందుల షాపుల్లో దొరుకుతుండేది. మా ఊరికీ ఆ షాపుకూ మధ్య దూరం బండి మీద ఒక రాత్రి.

ఆ మందును మలయాలో టైఫాయిడ్ రోగులకు ఇచ్చి చూసిన అమెరికా డాక్టర్లలో వుడ్‌వార్డ్ అనే ఆయన ఒకరు. తర్వాత ఆయనా, హార్నిక్ అనే ఇంకొక డాక్టరూ కలిసి అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో జైలు ఖైదీలకు టైఫాయిడ్ క్రిములు తాగించి టీకాలను పరీక్షించారు. ఖైదీలు సంతకాలు చేసే ఒప్పుకున్నారు. మందు ఇచ్చి నయం చేశారు. ఎన్ని క్రిములు పోతే జ్వరం వస్తుంది, ఎన్ని రోజులకు వస్తుంది అన్న లెక్కలు ఈ రోజుకూ పుస్తకాల్లో ఉన్నవి వారి నుంచి వచ్చినవే. 1970లలో అది ఆగిపోయింది. జైల్లో ఉన్నవాడు 'సరే' అంటే అది నిజంగా సరే అన్నట్టేనా అన్న ప్రశ్న లేచింది, దానికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేకపోయింది.

ఇక మన దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్, బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరు మీద ఉన్న పాత బంగళాను మీలో చాలామంది చూసే ఉంటారు. 1897 ఆగస్టు 20న ఆయన అక్కడ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు, 1902లో నోబెల్ వచ్చింది. స్కూల్లో మనం చదువుకున్నది అంతవరకే. దానికి రెండేళ్ళ ముందు, 1895లో, దోమలు చచ్చిన నీళ్ళు తాగితే మలేరియా వస్తుందేమోనన్న అనుమానంతో ఆయన అట్లాంటి నీళ్ళు కొందరు మనుషుల చేత తాగించాడు. అంటే మన నేల మీద ఈ రకం ప్రయోగం జరిగి 130 ఏళ్ళు కావస్తున్నదన్నమాట. ఆ దారి తప్పని తర్వాత తేలింది. 1897లో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో కూర్చోబెట్టి దోమలతో కుట్టించుకున్నాడు. కుట్టిన దోమకు ఒక్కంటికి ఒక అణా. పది దోమలు కుట్టాయి, పది అణాలు ఇచ్చాడు. ఆ దోమల్లోనే ప్రపంచం వెతుకుతున్న జవాబు దొరికింది.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. రాస్‌కు గురువులాంటి వాడు పాట్రిక్ మాన్సన్. దోమ కాటుతో మలేరియా వస్తుందని లండన్ ప్రజలకు రుజువు చేయడానికి 1900లో ఇటలీ నుంచి మలేరియా దోమలను తెప్పించి ఒక యువకుణ్ణి కుట్టించాడు. ఆ యువకుడికి జ్వరం వచ్చింది, క్వినైన్ ఇచ్చి తగ్గించారు, కొన్ని నెలలకు మళ్ళీ తిరగబెట్టింది కూడా. ఆ యువకుడు ఎవరనుకున్నారు? మాన్సన్ సొంత కొడుకు, వైద్య విద్యార్థి. తనకు ఏం జరుగుతున్నదో పూర్తిగా తెలిసినవాడు. హుస్సేన్ ఖాన్‌కు పది అణాలు ముట్టాయి. అతనికి ఏం చెప్పారో, అతను ఏమనుకున్నాడో ఒక ముక్క కూడా మనకు మిగలలేదు. రాస్ గారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ కాలం అట్లాంటిది. కానీ బేగంపేట బంగళా ముందు నుంచి బస్సులో పోయినప్పుడల్లా నాకు హుస్సేన్ ఖానే గుర్తుకొస్తాడు.

అదే 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ అనే అమెరికా సైనిక వైద్యుడు పచ్చజ్వరం మీద ప్రయోగం చేశాడు. చేరినవారికి వంద డాలర్ల బంగారం, జ్వరం వస్తే ఇంకో వంద. స్పెయిన్ నుంచి వచ్చిన వలస కూలీలు చేరారు. అయితే వారి చేత ఒప్పంద పత్రం రాయించుకున్నారు, వారి భాషలోనే. 'దీనిలో ప్రాణాపాయం ఉంది' అన్న సంగతి అందులో ఉంది. వైద్యంలో రాతపూర్వకమైన ఒప్పుదలకు తొలి ఉదాహరణల్లో ఒకటిగా దానిని చెబుతారు. అంతకు కొద్ది నెలల ముందే ఆయన బృందంలోని డాక్టరు లజియర్ దోమకాటుతో పచ్చజ్వరం వచ్చి చనిపోయాడు. ఆయన పోయిన తర్వాతే కాగితం బలపడింది.

ఇప్పటి కాలానికి వస్తాను. హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ టైఫాయిడ్‌కు ఒక కొత్త రకం టీకా తయారు చేసింది. టైప్‌బార్ టి.సి.వి. అని పేరు. 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. పాత టీకా రెండేళ్ళ లోపు పిల్లలకు పనిచేయదు. ఇది ఆరు నెలల పిల్లలకూ వేయవచ్చు. కానీ ఇది నిజంగా జ్వరాన్ని ఆపుతుందా అని తేల్చాలంటే వేలాది పిల్లలకు వేసి ఏళ్ళ తరబడి చూడాలి, కోట్లు ఖర్చు. అప్పుడు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు వేరే దారి పట్టారు. టైఫాయిడ్ ఎరుగని ఆరోగ్యవంతులైన పెద్దవారిని, తమంతట తాము ముందుకొచ్చిన వారిని, 112 మందిని తీసుకున్నారు. కొందరికి మన హైదరాబాదు టీకా, కొందరికి పాత టీకా, కొందరికి సంబంధం లేని వేరే టీకా వేశారు. నెల తర్వాత ముందు కడుపులో పులుపు చావడానికి సోడా కలిపిన నీళ్ళు, ఆ వెంటనే వేల సంఖ్యలో బతికి ఉన్న టైఫాయిడ్ క్రిములు కలిపిన నీళ్ళు తాగించారు. రెండు వారాలు రోజూ రక్తం తీసి చూశారు. జ్వరం వచ్చినవారికి వెంటనే, రానివారికి రెండు వారాలు కాగానే మందు ఇచ్చారు.

2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. సంబంధం లేని టీకా వేసుకున్న 31 మందిలో 24 మందికి టైఫాయిడ్ వచ్చింది. మన టీకా వేసుకున్న 37 మందిలో 13 మందికి వచ్చింది. అంటే దాదాపు 55 శాతం రక్షణ. ముందు జ్వరం వచ్చి ఆ తర్వాత రక్తంలో క్రిమి దొరికినవారినే, అంటే మనం ఊళ్ళో టైఫాయిడ్ అనే దానినే లెక్కిస్తే 87 శాతం. ఆ ఏడాది ముగిసేలోపే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాను సిఫారసు చేసి గుర్తింపు ఇచ్చింది. తర్వాత నేపాల్‌లో 20 వేల మంది పిల్లలకు, మలావీలో 28 వేల మందికి వేసి చూస్తే 80 శాతానికి పైనే పనిచేసింది.

ఇంకొకటి. 2016 చివర నుంచి పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో దాదాపు ఏ మందుకూ లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. అది పుట్టిన ఊరు పేరు హైదరాబాదు. మన హైదరాబాదు కాదు, సింధు హైదరాబాదు. 2018లో అక్కడి పిల్లలకు వేసిన టీకా మాత్రం మన హైదరాబాదులో తయారయినదే. ఆ మరుసటి ఏడాది, 2019లో, దేశవ్యాప్త కార్యక్రమంలో ఈ రకం టీకాను ప్రవేశపెట్టిన మొదటి దేశం పాకిస్తానే. ఇది చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా చెల్లెలు కళ్ళ ముందు మెదిలింది. ఎక్కడో ఆక్స్‌ఫర్డ్‌లో ముక్కూ ముఖం తెలియని వంద మంది జ్వరం తెచ్చుకుంటే ఇంతమంది పిల్లలకు దారి దొరికింది గదా అనిపించింది.

అట్లాంటప్పుడు జవాబు చెప్పడానికి ఎందుకు తడబడ్డావు అంటారా? వస్తున్నాను.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆ మనుషులు క్రిములు తాగి ఇంటికి పోయారు. అవును, ఇంటికే. వారి ఇంట్లో నీళ్ళ మరుగుదొడ్డి ఉంది, చేతులు కడగడానికి సబ్బు ఉంది, ఆ మరుగుదొడ్డి నీరు శుద్ధి చేసే చోటికి పోతుంది. ఫోను చేస్తే డాక్టరు పలుకుతాడు. అదే పని మన వరంగల్లులో ఒక బస్తీలో చేస్తే? తాగినవాడి మలంతో క్రిమి కాలువలోకి పోతుంది, కాలువ పక్కనే మంచినీళ్ళ పైపు, ఆ పైపుకు ఎక్కడో చిల్లు. ఒప్పుకున్నది ఒకడు, జ్వరం వచ్చేది పక్కింటి పిల్లకు. ఆ పిల్ల సంతకం ఎవరు చేస్తారు? కాబట్టి మన దగ్గర చేస్తే మనుషులను ఆస్పత్రిలోనే ఉంచుకోవాలి. మలంలో క్రిమి పూర్తిగా పోయిందని పరీక్షలో తేలేవరకు పంపరాదు. అది ఖర్చు, అది ఓపిక.

మరి ఇంగ్లండులోనే చేసుకోనీయవచ్చు గదా, మనకెందుకు అనేవారున్నారు. అది కూడా పూర్తిగా సరికాదు. మన కడుపులు వేరు, మన రక్తం వేరు. నేను విడాల్ పరీక్షలు చేసిన రోజుల్లో టైఫాయిడ్ లేనివాడి రక్తంలో కూడా పాత జ్వరాల గుర్తులు కనబడేవి. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళే తాగుతున్నాం గదా. కొన్ని నోటి టీకాలు ధనిక దేశాల పిల్లల్లో ఎంతో బాగా పనిచేసి మన దగ్గర సగానికి తగ్గిపోతాయి. విరేచనాలకు వేసే రోటావైరస్ టీకాను మన దేశంలోనే తయారు చేసి ఢిల్లీ, పుణె, వెల్లూరులలో పరీక్షిస్తే మొదటి ఏడాది 56 శాతం రక్షణ వచ్చింది. ఎందుకట్లా అన్నది ఇంగ్లండు కడుపులో వెతికితే దొరకదు. అందుకే ఆఫ్రికా వాళ్ళు సొంతంగా మొదలుపెట్టారు. 2012లో టాంజానియాలోని బాగమోయోలో మలేరియాతో చేశారు. తర్వాత కెన్యాలోని కిలిఫీలో చేస్తే, చిన్నప్పటి నుంచి మలేరియా మధ్య పెరిగిన పెద్దల్లో కొందరికి పరాన్నజీవిని ఎక్కించినా అది పెరగనే లేదు. ఆ రక్తంలో ఏముందో తెలిస్తే టీకాకు దారి దొరుకుతుందని ఆశ. మలావీలోని బ్లాంటైర్‌లో న్యుమోనియా క్రిమిని ముక్కులో చుక్కగా వేసి చూస్తున్నారు. అవి పేద దేశాలే. అక్కడి డాక్టర్లే నిలబడి చేస్తున్నారు. కిలిఫీలో చేరినవారికి ఇచ్చిన డబ్బు ఎక్కువా తక్కువా అని అక్కడి పత్రికల్లో రభస కూడా జరిగింది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. జమ్మికుంట మనకు ఎంత దూరం? రైలెక్కితే గంట. 2017లో జమ్మికుంట, హుజూరాబాద్ వైపు యువకులు డబ్బు కోసం మందుల ప్రయోగాలకు పోతున్నారని, వారిలో ఒకరు చనిపోయారని పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. చావుకు కారణం ఏమిటన్న దానిలోకి నేను పోను. నన్ను కలచినది వేరే. కొందరు ఇంట్లో చెప్పకుండా పోయారట. ఒక చోట చేసి, విరామం ఇవ్వకుండా ఇంకో చోటికి పోయినవారు కూడా ఉన్నారట. ఆకలి ఉన్నచోట మూడు వారాల ఆస్పత్రి పడక, మూడు పూటల అన్నం, చేతికి నోట్లు అంటే ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెడతారు. అట్లాగని డబ్బు ఇవ్వకుండా ఉండడం న్యాయమా? కూలీ పోగొట్టుకున్నవాడికి కూలీ ఇవ్వాలి. ఎంతవరకు ఇస్తే కూలీ, ఎక్కడ దాటితే ఎర అన్నది నాకు తేలలేదు. మా మనవరాలికీ తేలలేదు.

ఇక ఖమ్మం సంగతి. 1953 వరకు అది మన వరంగల్ జిల్లాలోదే, కాబట్టి పరాయి ఊరి కథ కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. ఇది రోగం అంటించే ప్రయోగం కాదు, అనుమతి ఉన్న టీకానే. అయినా అందులో మనకు కావలసిన పాఠమంతా ఉంది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్లో ఆపేశారు. విచారణ సంఘం ఆ చావులకు టీకా కారణం కాదని చెప్పింది. ఒక పాప నీళ్ళలో మునిగి, ఒక పాప పాము కరిచి, ఇట్లా. నేను ఆ మాట నమ్ముతాను. టీకా మంచిదేనని కూడా నమ్ముతాను. కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. 9,543 ఒప్పుదల పత్రాలు చూస్తే 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులవి కావు. ఎన్నో పత్రాల మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. దాని ఫలితం ఏమయింది? మంచి టీకా మీద ఏళ్ళ తరబడి అనుమానం నిలిచిపోయింది. వార్డెన్ సంతకం ఒక్క నిమిషం పని మిగిల్చింది, పదేళ్ళ నమ్మకం తినేసింది.

వార్డెన్లను అనడం తేలిక. నేను నా సంగతి చెప్పకుండా వారిని అంటే న్యాయం కాదు. ఈ మాట ఇంతవరకు మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

1980ల్లో జిల్లాలో ఒక మారుమూల ఊరికి నన్ను డ్యూటీ మీద పంపారు. బోదకాలు సర్వే. ఆ క్రిమి రాత్రిపూటే రక్తంలోకి వస్తుంది కాబట్టి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఇల్లిల్లూ తిరిగి నిద్ర లేపి వేలు గుచ్చాలి. ఆ జబ్బుకు ఇచ్చే హెట్రజాన్ బిళ్ళ మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో కనిపెట్టినదే. అది గర్వంగా చెప్పుకుంటూ తిరిగేవాళ్ళం. అంతవరకు బాగానే ఉంది. ఆ సర్వేతో పాటు బయటి నుంచి ఒక పరిశోధక బృందం కూడా వచ్చింది. వాళ్ళ పేరు చెప్పను, చెప్పి ఇప్పుడు లాభం లేదు. వారికి అదనంగా ఒక్కొక్కరి నుంచి ఒక సీసా రక్తం కావాలి, చేతి నరం నుంచి. ఎందుకో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. జనం భయపడి తలుపులు తీయకపోతే మాలో ఒకరు ఒక ఉపాయం చెప్పారు: 'ఇయ్యకపోతే రేషన్ కార్డు కొట్టేస్తరు అనండి.' నేను అన్నాను. ఆ రాత్రి కనీసం ముప్ఫై ఇళ్ళ ముందు ఆ అబద్ధం ఆడాను. తలుపులు తెరుచుకున్నాయి.

ఒక ముసలమ్మ చేయి చాచి, సూది దిగుతుంటే అడిగింది: "బిడ్డా, ఈ నెత్తురు ఏడికి పోతది?" సర్కారు దవాఖానకు అన్నాను. "నాకేమన్న రోగముంటె చెప్తవా మల్ల?" అన్నది. చెప్తా అన్నాను. రిజిస్టరులో ఆమె పేరు, ఇంటి నంబరు నా చేతితోనే రాశాను. ఆ ఫలితాలు ఎన్నడూ రాలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఆ ఊరికి డ్యూటీ పడితే మిత్రుడితో మార్పిడి చేసుకున్నాను. ఆమెకు ముఖం చూపలేక.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒక సీసా నెత్తురుతో మనిషి చావడు. కానీ మా మనవరాలు ఆ ముసాయిదా నా ముందు పెట్టినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆక్స్‌ఫర్డ్ కాదు, ఆ గుమ్మం. రేపు ఇక్కడ ఇట్లాంటి ప్రయోగం పెడితే ఇల్లిల్లూ తిరిగి కాగితం చదివి వినిపించేది పెద్ద డాక్టర్లు కారు. నా వంటి ల్యాబ్ టెక్నీషియను, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త. పైనుంచి 'ఇన్ని సంతకాలు కావాలి' అని లెక్క పడితే వారు కూడా రేషన్ కార్డు మాట ఎత్తరని హామీ ఏమిటి? 2013 తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. ప్రయోగంలో హాని జరిగితే పరిహారం ఇవ్వాలని, బలహీన వర్గాలవారి ఒప్పుదలను కొన్ని ప్రయోగాల్లో వీడియో తీయాలని 2019 నాటి కొత్త నియమాల్లో కూడా ఉంది. మంచిదే. అయితే వీడియోలో తల ఊపడం కనిపిస్తుంది. అంతకు ముందు గుమ్మంలో ఏం చెప్పారో కనిపించదు.

ఇంతా చెప్పి వద్దంటున్నానా? అనడం లేదు. పేదవాడికి అర్థం కాదు, వాణ్ణి అడగనే వద్దు అనే పెద్దమనుషులను కూడా నేను చూశాను. అది దయ అనుకుంటారు, నాకు మాత్రం అది వాణ్ణి ఇంకోసారి చిన్నచూపు చూడడమే అనిపిస్తుంది. ఆ ముసలమ్మ అడిగిన రెండు ప్రశ్నల కంటే మంచి ప్రశ్నలు ఏ కమిటీ అడుగుతుంది? ఎక్కడికి పోతుంది, నాకు తిరిగి చెబుతావా. అర్థం కానిది ఆమెకు కాదు, నాకు.

ముసాయిదా ఇంగ్లీషులో ఉంది. నేనూ మా మనవరాలూ నాలుగు సాయంత్రాలు కూర్చుని తెలుగులోకి మార్చుకున్నాం. మందు ఉండి, నయమయ్యే జబ్బులతోనే చేయాలని ఉండడం బాగుంది. 'ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్' అన్న మాట దగ్గర ఆగిపోయాం. ఆమె 'సమాచారపూర్వక సమ్మతి' అని రాసింది. ఈ మాట ఆ ఊళ్ళో అంటే ఎవరికి అర్థమవుతుంది అన్నాను. కొట్టేసి 'తెలిసి ఒప్పుకోవడం' అని రాసింది. అక్కడి నుంచి పని సులువయింది. అభిప్రాయాలు పంపే గడువులోపల ఒక ఉత్తరం రాశాం. నేను తెలుగులో చెప్పాను, ఆమె ఇంగ్లీషులో టైపు చేసింది. అందులో, హాస్టళ్ళలో ఉన్నవారిని, కింది ఉద్యోగులను, జైళ్ళలో ఉన్నవారిని చేర్చుకోవద్దని, ఒప్పుదల తీసుకునేవారికి సంతకాల లక్ష్యం పెట్టవద్దని, చేరిన ప్రతి మనిషికీ ఫలితం వారి భాషలో వారి గుమ్మంలోకి వెళ్ళి చెప్పాలని, దానికి డబ్బు ముందుగానే పక్కన పెట్టాలని రాశాం.

ఉత్తరం పంపిన రోజు రాత్రి మా మనవరాలు ఇంకో ప్రశ్న వేసింది. "సరే తాతా, అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తరు అనుకో. నేను చేరుతా అంటే?" వాళ్ళ నానమ్మ వంటింట్లోంచి గరిటతో సహా వచ్చి నిలబడ్డది. నేను అన్నాను, ఆ కాగితం తెచ్చి మీ నానమ్మకు చదివి వినిపించు, ఆమె అడిగినవాటికి జవాబు చెప్పగలిగితే చేరు అని. ఆమె ఆ రాత్రి అడిగిన ప్రశ్నలు పదకొండు. ఏడింటికి మా మనవరాలు జవాబు చెప్పగలిగింది. మిగిలిన నాలుగూ నోటుబుక్కులో రాసి పెట్టుకున్నది.

ఆ తెలుగు కాగితాలు, ఆ నాలుగు ప్రశ్నలు కూడా ఈ సంచిలోనే తెచ్చాను. టీలు వచ్చినట్టున్నాయి. చూడదలచినవారు తాగిన తర్వాత నా దగ్గరికి రండి.